భాస్కరం మా ఇంట్లో ఉన్నాడు

తిరువూరు,
12-8-1974.

అన్నయ్యకు,

నమస్కారం రాయబుద్ధి కావడం లేదు. తమ్ముణ్ణి చూసి రమ్మని ఆసుపత్రికి మనిషిని పంపావట. వాడక్కడ లేడు. నేనే సంతకం పెట్టి మా ఇంటికి తెచ్చుకున్నాను.

మెదడు జ్వరమని నాకు రాశావు. నేను మన ఊరు వినగడప వచ్చినప్పుడు వదిన నిజం చెప్పేసింది. మన మోటారు షెడ్డులో భాస్కరాన్నీ డ్రిల్లు మాస్టారు శౌరయ్యనూ ఒకరి కౌగిట్లో ఒకర్ని చూశావట. మాస్టారి చెయ్యి విరగ్గొట్టావు. తమ్ముణ్ణి తాళ్ళతో కట్టి తీసుకెళ్ళి, ఆ మనిషిని మరిచిపోయేదాకా తలకు కరెంటు పెట్టమని డాక్టర్ని బతిమాలావు.

నువ్వు కోరినట్టే అయింది. నిన్న శౌరయ్య చేతికి కట్టుతో వచ్చి ఎదురుగా కూర్చుంటే, "మీరెవరండీ?" అని అడిగాడు భాస్కరం.

"మీ ఊరి డ్రిల్లు మాస్టార్నండి" అని చెప్పి, ఆయన పెరట్లోకి వెళ్ళి ఏడ్చాడు. రేపు మళ్ళీ రమ్మన్నాను. రోజూ వస్తాడు. ఈసారి ఆయన మీద చెయ్యి వేస్తే ముందు నన్ను కొట్టాల్సి ఉంటుంది.

కానీ నీ కరెంటు శౌరయ్య దగ్గరే ఆగలేదు. కిందటేడు అమ్మ పోయిన సంగతి కూడా వాడికి గుర్తు లేదు. పొద్దున్నే లేచి, "అక్కా, అమ్మేదే?" అంటాడు. చెప్పగానే అప్పుడే కబురు విన్నట్టు కుప్పకూలి ఏడుస్తాడు. సాయంత్రానికి మరిచిపోయి మళ్ళీ అడుగుతాడు.

ఇక నా వల్ల కాదు. ఈసారి నువ్వొచ్చి చెప్పు.

నీ చెల్లెలు