పాస్‌పోర్టుకు పెట్టిన బొట్టు

రిఫా (గల్ఫ్), శుక్రవారం రాత్రి

ఎడమ చెవిలో హోరు ఇంకా తగ్గలేదు. మేడం అట్లకాడ వంగిపోయేదాకా కొట్టింది.

వచ్చే నెల మేడం, సారు బాబుతో వెనిస్ వెళ్ళాలనుకున్నారు. అక్కడ వీధులన్నీ కాలవలేనట. పడవల్లో బాబును పట్టుకోవడానికి నన్నూ తీసుకెళ్తామన్నారు. వీసాకి ఇచ్చే ముందు పాస్‌పోర్టులు నాలుగూ దేవుడి దగ్గర పెట్టమంది మేడం. కొత్త బండికైనా బొట్టు పెడతాం కదా అని, తెరిచి వాళ్ళ ముగ్గురి ఫోటోలకూ నుదుట తడి కుంకుమ పెట్టాను. మూసేసరికి అది పక్క పేజీల్లోకి ఇంకిపోయింది.

"ఇప్పుడు వీసా నీ బాబిస్తాడా?" అంటూ జుట్టు పట్టుకుని నా తల గోడకేసి బాదింది.

సారు సోఫాలోంచి లేవలేదు. "మొహం మీద కొట్టకు, దానికి వీసా ఫోటో తీయించాలి" అన్నాడు.

కూరల కత్తి గట్టు మీదే ఉంది. నా చెయ్యి దాని మీదకు వెళ్ళింది కూడా. బాబు ఏడ్చాడు కాబట్టి ఆగింది.

నా ఫోటోకు బొట్టు పెట్టలేదు. మా ఆయన పోయాక నా నుదుటికే పెట్టుకోనిది ఫోటోకెందుకని వదిలేశాను. అందుకే నాలుగింటిలో మరక లేనిది నాదొక్కటే. మూడేళ్ళుగా అది సారు బీరువాలోనే ఉంది. వాళ్ళిద్దరూ మిగతావి తుడుచుకుంటుంటే దాన్ని జాకెట్లో దోపుకున్నాను.

పొద్దున్నే నా పాస్‌పోర్టేదని మేడం అడుగుతుంది. అట్లకాడ వంగిపోయింది కదా, ఈసారి కత్తి కోసం వెతుకుతుందేమో. ఆ కత్తి నా చాప కింద ఉంది.