పసుపు కింద పోయిన మాట

నల్గొండ, గురువారం రాత్రి

బాపు పాత కారు ఇంజిన్‌లో ఉన్నది రబ్బరు టైమింగ్ బెల్టా, ఇనుప చైనా? రోజంతా తిరిగినా తేలలేదు. బస్టాండ్ దగ్గరి మెకానిక్ ఇంజిన్ చప్పుడు విని, "చైన్ బండి చెల్లె, ఇంజిన్ ఉన్నన్ని రోజులుంటది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. బైపాస్ మీది ఆయన, "గిది రబ్బరు బెల్టే. లక్ష కిలోమీటర్లకు మార్చకుంటే నడుస్తుండంగనే తెగి ఇంజిన్ ఖతమైతది" అన్నాడు. ఇద్దరూ విప్పి చూడలేదు. మీటరేమో లక్ష దాటింది.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే పాత ఓనరు అంటించిన చీటీ కనబడింది. "మార్చినది" అని ఉంది. ఏం మార్చారో ఆ మాట మీదే దసరా పసుపు గట్టిపడి ఉంది. బెల్టేమో, ఉత్త ఆయిలేమో! తడిగుడ్డతో తుడిస్తే పసుపుతో పాటు అక్షరాలూ పోయాయి. ప్రతి దసరాకూ అక్కడ పసుపు పూసి బొట్టు పెట్టింది నేనే.

బాపు నవ్వి, "గంత సదివినవు గద బిడ్డా, బొట్టు పెట్టనీకి వేరే జాగ దొర్కలేదా?" అన్నాడు.

పొద్దున్నే ఆయన మేళ్లచెరువుకు కిరాయి పోవాలి, కారు నిండా మనుషులతో. తాళంచెవి ఇప్పుడు నా దిండు కింద ఉంది. దాచానా, ఊరికే పెట్టుకున్నానా, నాకే తెలియడం లేదు.