తలుపు దగ్గరి మాట

అమ్మకు,

నీ కూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ ఆయనా బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారైనా రాయి. పోయిన ఉత్తరంలో మీ కుట్టు గదిలో ఎవరెవరికి ఏ నొప్పులున్నాయో అన్నీ రాశావు, నీది తప్ప.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా గొంతు నొప్పి తగ్గింది. వేడినీళ్లే తాగుతున్నాను, ఒట్టు. అవును, నీకిష్టమైన ఆ నవల సినిమాగా వస్తోందే, అందులో కథానాయికకు మొత్తం డబ్బింగ్ నాదే. తెర మీది అమ్మాయి పెదవులు ఆడిస్తుంది, నేను మాట్లాడతాను.

సినిమాలో ఆమె ఎలా ఉందని అడిగావు. ఏం చెప్పను? నవలలో ఆమెకు నలభై ఏళ్లు. ముందు జుట్టు నెరిసి, పక్కింటికి వినబడేలా నవ్వే మనిషి. సినిమాలో ఇరవై అయిదు దాటలేదు, నవ్వితే పళ్లు కనబడవు. నవలలో మొగుడు ఆమెను కొట్టడు, తిట్టడు. ఏళ్ల తరబడి ఆమె చెప్పేది వినడు, అంతే. వెళ్లిపోవడానికి అది చాలదట, జనానికి అర్థం కాదట. అందుకని రెండు చెంపదెబ్బలు పెట్టారు. తర్వాత అతని మీద జాలి కలగాలని అతన్ని ఏడిపించారు కూడా.

నువ్వు మరీ మరీ అడిగింది తలుపు సీను గురించి. కుట్టు పని ఆపి భోజనం చేసే వేళ అందరికీ ఆ పేజీయే కదా చదివి వినిపిస్తావు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని గడప దాటుతుంది. ఒక్క మాట అనదు, వెనక్కి తిరగదు. అందుకే ఆమె నీకు అంత ఇష్టం. నువ్వూ నాన్న ఇంటి నుంచి అలాగే వచ్చావు, నా చెయ్యి పట్టుకుని.

ఆ సీను ఉన్నది ఉన్నట్టే తీశారమ్మా. వెనక నుంచి తీశారు, వీపు మాత్రమే కనిపిస్తుంది. చూసి సంబరపడ్డాను. నాకు బుద్ధి ఉండాలి. పెదవులు కనబడని చోట ఎవరితో ఏ మాటైనా అనిపించవచ్చని, ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్న నాకు తెలియదూ?

డబ్బింగ్ చివరి రోజు దర్శకుడు కొత్త మాట ఇచ్చాడు. గడప దగ్గర ఆమె, "తప్పు నాదే, నన్ను క్షమించండి," అనాలట. చెప్పనన్నాను. పోట్లాడాను. దర్శకుడికి కోపం కూడా రాలేదు.

"అంత మంచి ఇల్లాలు ఒక్క మాటా అనకుండా వెళ్లిపోతే జనం ఒప్పుకోరండి," అన్నాడు.

అయితే అది ఎంత అబద్ధంగా ఉంటుందో వినండని మైకు ముందుకు వెళ్లి ఆ మాట ఏడుస్తూ అన్నాను. వెక్కిరిద్దామనే మొదలుపెట్టాను. అక్కడ రిహార్సల్ కూడా రికార్డు చేస్తారు. కోపంలో ఆ సంగతే మరిచిపోయాను.

అద్దం అవతల సౌండు ఇంజనీరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఇంకో టేకు అక్కర్లేదన్నాడు దర్శకుడు. తీసెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాను. తీయలేదు.

వెక్కిరింపు అంత బాగా ఎలా కుదిరిందో నీకొక్కదానికే చెప్తాను. మనం వచ్చేసిన కొత్తల్లో, ఆ ఒంటిగదిలో, నువ్వు పనికి వెళ్లాక నేను తలుపేసుకుని నీ గొంతుతో, నాన్న ఎదురుగా ఉన్నట్టు మాట్లాడేదాన్ని. నువ్వు ఆ ఒక్క మాట అంటే చాలు, మనం ఇంటికి వెళ్లిపోవచ్చు, నా మంచం నాకు దొరుకుతుంది అనుకునేదాన్ని. ఏడుపు ఆపుకునేటప్పుడు నీ గొంతు పట్టేస్తుందే, అది కూడా అచ్చం అలాగే వచ్చేది. మైకు ముందు వచ్చింది ఆ గొంతే. నువ్వు ఏనాడూ అనని మాట నీ గొంతుతో నేను అన్నానమ్మా.

ఇక ఆ నవల చదివేవాళ్లు ఎందరు? సినిమా చూసినవాళ్లకు ఆమె క్షమించమని అడిగిన మనిషే. బయటికి వెళ్లిన మనిషిని నేనే గడప లోపలికి లాగాను. ఈ బాధ ఎవరితో చెప్పుకోను? మా ఆయనతో చెప్తే సినిమాయే కదా అన్నారు.

మొదటి రోజే మీ కుట్టు గదిలో వాళ్లందరినీ తీసుకెళ్తానని రాశావు. వెళ్లొద్దమ్మా. వద్దంటే తప్పకుండా వెళ్తావు, నీ సంగతి నాకు తెలుసు. పోనీ, తెర మీద ఆమె కూతురి చెయ్యి పట్టుకోగానే లేచి బయటికి వచ్చెయ్యి. ఎవరికీ ఏమీ చెప్పకు. వెనక్కి తిరగకు. వెనక వినబడేది నీ గొంతే అయినా ఆగకు.

ఇట్లు,
నీ చెయ్యి పట్టుకుని వచ్చిన
నీ కూతురు