మిట్టమధ్యాహ్నపు పరుగు

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు, కర్నూలు జిల్లా గుండ్లకొట్టాల కాపురస్తురాలు, పుల్లయ్య కుమార్తె తనూజ దాఖలు చేసుకొన్న అర్జీ. జూన్ 2004.

విషయం: పిల్లలను సైన్యంలో చేరనీయక దేశ రక్షణకు భంగం కలిగించితినని నాకిచ్చిన నోటీసుకు సంజాయిషీ, అసలు ముద్దాయిని పిలిపించుట గురించి.

అయ్యా,

1. నోటీసులో రాసినది నిజమే. ఈ ఏడాది సైనిక భర్తీ మేళాకు మా చుట్టుపక్కల పల్లెల నుండి ఒక్క పిల్లవాడూ పోలేదు. పోనీయనిది నేనే. ఎందుకో నోటీసులో లేదు గనుక మనవి చేసుకొంటున్నాను.

2. ఓబుళేశు నా తమ్ముడు. వరుసగా వానలు తప్పి మా చేనిలో వేసిన వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. బోరు ఎండింది. వాడు బేతంచెర్లలో లారీలకు నాపరాళ్లు ఎత్తుతూ, తెల్లవారకముందే లేచి రోడ్డు మీద పరుగు సాధన చేసేవాడు. మా ఊరి పిల్లలందరిదీ అదే దారి. పంటలు పండితే వాళ్లలో సగం మంది సైన్యం పేరే ఎత్తరు.

3. నిరుడు మే నెలలో మేళా జరిగింది. సైనికాధికారులు పిల్లలను వేకువనే వరుసలో నిలబెట్టారు. పందిరి, నీళ్ల ఏర్పాట్లు నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీ యజమాని పెద్దసుబ్బయ్య గారివి. ఒక నాయకుడు వచ్చి జెండా ఊపేదాకా పరుగు మొదలుపెట్టరాదని ఆయన పట్టుబట్టారు. ఎండ ముదురుతోందని అధికారులు చెప్పినా వినలేదు. పైగా మైకులో, "ఎండకు భయపడేటోళ్లు సరిహద్దులో యుద్ధం యాడ చేస్తారప్పా?" అన్నారు. పందిరి కింద ఉన్నవారు నవ్వారట. నాయకుడి కారుకు దుమ్ము లేవకుండా పిల్లలకు తెచ్చిన ట్యాంకరు నీళ్లు రోడ్డు మీద చల్లించారు.

4. నాయకుడు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. జెండా ఊపాడు. నా తమ్ముడు అందరికన్నా ముందు గీత దాటి, దాటాక పడిపోయాడు. వాని స్నేహితుడు దాసన్న ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, "పాసైనానా అన్నా?" అని అడిగాడట. పాసైనావని దాసన్న చెప్పాడు. నేను పోయేసరికి ప్రాణం లేదు, ఒళ్లు మాత్రం ఇంకా కాలుతోంది. వడదెబ్బ అని డాక్టరు రాశారు. పిల్లవానికి గుండెజబ్బు ఉండేదని, దాచిపెట్టి వచ్చాడని పెద్దసుబ్బయ్య గారు పత్రికల వాళ్లకు చెప్పారు.

5. మా చిన్నాయన కొడుకులు కొడవళ్లు తీశారు. వద్దన్నాను. వాళ్లతో అన్న మాట ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నరికితే ఒక్క దినంతో అయిపోతాది. ఆ పెద్దసుబ్బయ్యే జెండా పట్టుకోని నిలబడల్ల. ఎదురుగా పరిగెత్తేటోడు ఒక్కడూ ఉండగూడదు."

6. ఏడాది పొడుగునా దాసన్నను వెంటబెట్టుకొని పల్లె పల్లె తిరిగాను. జరిగింది చెప్పాను, అంతే. తల్లులను బతిమాలవలసిన అవసరం రాలేదు. ఈ మే నెలలో మళ్లీ అదే మేళా, అదే పెద్దమనిషి. మా పల్లెలకు కేటాయించిన రోజున ఆయన జెండాతో మైదానంలో నిలబడ్డారు. పిల్లలు ఏరని అధికారులు అడిగితే మైకు పక్కన పెట్టేశారు. నేను గోడ పక్కన నిలబడి చూశాను. సంతోషమైంది. దాచుకోను.

7. దేశ భద్రత అని తమరు రాశారు. ఈ ఎండలు మా నాయన చిన్ననాటి ఎండలు కావు. ఏటికేడు ముందుగా వస్తున్నాయి, పోవడం మరిచిపోతున్నాయి. వాన లేక తిండి తగ్గి పిల్లలు రక్తం లేకుండా ఉన్నారు. వాళ్లే రేపటి జవాన్లు. తుపాకీ చేతికి రాకముందే వాళ్లను ఎండకు బలి ఇచ్చినవాడు దేశానికి నాకన్నా ఎక్కువ కీడు చేసినవాడు కాడా? మేళాను చలికాలానికి మార్చి, పొద్దు ఎక్కకముందే పరుగు పెట్టించి, పెద్దసుబ్బయ్య గారి మీద కేసు కట్టించండి. అంతవరకు, ఇకపై పిల్లలను ఆపనని తమరు రాసిమ్మన్న బాండు మీద సంతకం చేయను. నన్ను జైలుకు పంపితే దాసన్న తిరుగుతాడు. వాన్నీ పంపితే వాని తల్లి గిడ్డమ్మ సిద్ధంగా ఉంది.

తమరు చిత్తగించేదాకా కచేరీ వసారాలోనే ఉంటాను. విధేయురాలినని రాయడం ఆనవాయితీ గనుక,

తమ విధేయురాలు,
తనూజ

తా.క. నిన్న పెద్దసుబ్బయ్య మా ఇంటికి వచ్చినాడు. వచ్చే ఏడు పిల్లలను పంపితే నా మీద కేసు లేకుండా చేయిస్తానన్నాడు. సరేనన్నాను. "మొదటి వరుసలో మీ కొడుకు కిరణ్‌కుమార్‌ను నిలబెట్టు సామీ. మిట్టమధ్యాహ్నం. మా పిల్లోళ్లను నేనే తోలుకోని వస్తా" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, లేచి వెళ్లిపోయినాడు. తెలియక చేసినాడేమోనని ఇన్నాళ్లూ నాకు యాడో ఒక మూల అనుమానం ఉండేది. ఇప్పుడు లేదు.