తాళం ఎవరి చేతిలో?

సూరత్, మే 2020

వజ్రమ్మ గారికి నమస్కారాలు.

మీకు చెవులు సరిగా వినిపించవని తెలిసి, ఫోన్ చేయకుండా రేషన్ పంచేవాళ్ల చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. మీ మేనల్లుడు అంబదాస్ మిమ్మల్ని లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్తున్నాడని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు. అది నేరం. అవసరమైతే అతని మీద కేసు పెట్టి, మిమ్మల్ని ఆశ్రమానికి తరలిస్తాం.

మీ క్షేమం కోరే
భాగీరథి, వృద్ధుల రక్షణ విభాగం

*

బిడ్డా భాగీరథీ, చల్లగా ఉండు.

లాక్‌డౌన్ వచ్చి మా భేస్తాన్ పేటలో మగ్గాలు ఆగిపోయినప్పటి నుంచి అంబదాసే నాకు వండిపెడుతున్నాడు. నేను గల్లీలో తిరిగితే కరోనా అంటుకుంటుందని వాడి భయం. కూరగాయలకు పోతూ తాళం వేస్తాడు. వాణ్ణి పట్టుకెళ్లకు.

మీ వజ్రమ్మ

తా.క. పప్పులో మాత్రం ఉప్పు వేయడు. దానికేదైనా సెక్షన్ ఉంటే చూడు.

*

వజ్రమ్మ గారికి,

మీ తాజా కలం చదివి మా ఆఫీసరు ఫైల్లో ‘తిండి విషయంలో నిర్లక్ష్యం’ అని కూడా చేర్చారు. ప్రేమతో వేసినా తాళం తాళమే. లోపల నిప్పంటుకుంటే ఎవరు తీస్తారు? రేపు చట్టం ముందు జవాబు చెప్పాల్సింది నేనే. అయినా మిమ్మల్ని అడగకుండా ఏదీ చేయను. అసలు మీకేం కావాలి?

భాగీరథి

తా.క. దయచేసి వంట గురించి ఇక రాయకండి.

*

బిడ్డా,

నీ ఉత్తరం నేను చదివి వినిపిస్తే అంబదాస్ ముఖం వాడిపోయింది. “నేను జైలుకు పోతనా అత్తమ్మా?” అన్నాడు. “నన్ను అడగకుంట తాళమెందుకేసినవ్‌రా?” అన్నాను. నాకు ఆశ్రమం వద్దు, వాడికి జైలు వద్దు. తాళంచెవి నా చేతిలో ఉండాలి, అంతే. మాస్కు పెట్టుకునే తిరుగుతాను.

వజ్రమ్మ

తా.క. మీ ఆఫీసరుకు చెప్పు, నాకు బీపీ ఉంది. ఉప్పు వద్దన్నది డాక్టరే.

*

బిడ్డా భాగీరథీ, నూరేళ్లు వర్ధిల్లు.

నిన్న నువ్వూ మీ ఆఫీసరూ నెత్తి నుంచి కాళ్ల దాకా కరోనా తెల్లబట్టల్లో దిగేసరికి గల్లీకి గల్లీ తలుపులేసుకుంది. అంబదాసును బయట నిలబెట్టి ముందు నన్ను ఒక్కదాన్నే అడిగావు చూడు, అప్పుడే నా ప్రాణం కుదుటపడింది. ఇక తాళం వేయనని వాడు రాసిచ్చాడు, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కొన్నాళ్లు ఫైలు మూయనన్నావు. మంచిదే, వాడికి భయం, నాకు ధైర్యం.

ఈ పొద్దున మాస్కు పెట్టుకుని పక్క గల్లీకి వెళ్లాను. అక్కడ గంగవ్వ అనే ముసలామెను ఆమె కొడుకు గదిలో వేసి గడియ పెట్టాడు. కిటికీ పట్టుకుని ఏడుస్తోంది. వాడు “మా ఇంటి ముచ్చట నీకెందుకు?” అన్నాడు. “మీ అమ్మనడిగినవా? నువ్వడగకుంటె అడిగేటోళ్లను పిలుస్త” అన్నాను. గడియ తీశాడు. గంగవ్వ ఇప్పుడు నా గడపలో ఎండకు కూర్చుని చాయ్ తాగుతోంది. కేసు పెట్టాలా వద్దా ఆమెనే అడుగు. త్వరగా రా.

గెలిచిన వజ్రమ్మ

తా.క. ఈ వైపు ఇలా తాళం వెనక ఇంకో ఇద్దరున్నారట. నాకూ ఒక జత తెల్లబట్టలు పంపు, పొడుగు కాస్త తక్కువ ఉండేలా చూడు.