ఇడా చదివిన క్యాసెట్

మార్లిస్,

మా ఊరి వెర్నా గారు మీ లైబ్రరీ నుంచి మాటిమాటికీ తెప్పించుకునే కథల క్యాసెట్ నీకు గుర్తుండే ఉంటుంది. చూపులేనివాళ్ల కోసం ఆ కథలు చదివింది ఆవిడ కూతురు ఇడా. పోయిన చలికాలం మంచులో కారు జారి ఆ పిల్ల చనిపోయింది.

ఇకమీదట క్యాసెట్లు ఊరు దాటకూడదని మన లైబ్రరీలన్నీ కలిసి నియమం పెట్టుకున్నాయి కదా. నిన్న ఆవిడకు ఆ మాట చెప్పాను.

"కథలు పోతే పోనీ. అది నా పిల్ల గొంతు కదమ్మా," అంది.

కాపీ తీస్తామన్నా పైవాళ్లు ఒప్పుకోలేదు. ఆవిడకు కారు నడపడం రాదు, మీ ఊరికి బస్సూ లేదు. నీ చేతిలోనూ ఏమీ లేదని తెలుసు. శుక్రవారం ఆవిడ ఇక్కడికి వస్తుంది. అప్పుడు ఫోన్ చేసి, ఆ క్యాసెట్ కాసేపు వినిపించగలవా? అదీ కుదరకపోతే, ఆవిడకు ఏం చెప్పాలో నువ్వే రాయి.