మా ఊరు బారువ కాదు

జూన్ 10

సీటు వచ్చినట్టే.

మా యూనివర్సిటీకి అయిదు క్యాంపస్‌లు. నాలుగు సముద్రానికి అవతల, మాదొక్కటే ఇవతల, దీవిలో. ఎమ్మెస్సీ రెండో ఏడు ప్రాజెక్టు వైజాగ్ పక్కనున్న మెయిన్ క్యాంపస్‌లో చేయడానికి ఐలాండ్ స్టూడెంట్స్‌కి ఒకే ఒక్క సీటు, హాస్టల్‌తో సహా. అక్కడ తాబేళ్ల మీద పనిచేసే పెద్ద ల్యాబ్ ఉంది. ఇక్కడ మా ల్యాబ్‌లో ఫ్రిజ్ కూడా పక్క డిపార్ట్‌మెంట్‌దే.

ఈ రోజు వీడియో కౌన్సెలింగ్ అయింది. మార్కులు చూసి బాగున్నాయన్నారు. చివర్లో ఒక మేడమ్ తెలుగులో, ప్రేమగా, మీదే ఊరమ్మా అని అడిగారు. బారువ అన్నాను.

జూన్ 12

ఛీ, నా నోరు!

సీటు ఆపేశారు. బారువ అంటే శ్రీకాకుళం జిల్లా, ఆ మాట నేనే చెప్పానట, కాబట్టి ఐలాండ్ కోటాలోకి రానట. సోమవారం మళ్లీ కమిటీ ముందు మాట్లాడాలి. నమ్మకపోతే వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చేస్తారు.

వాళ్లకేం తెలుసు? మేముండే జంగ్లీఘాట్‌లో ఏ తెలుగువాళ్లని అడిగినా ఇంతే. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుని, కూరగాయలకి కూడా హిందీలో బేరమాడే మేము, ఊరేదంటే మాత్రం బారువ, భావనపాడు, కళింగపట్నం అంటాం. నేను బారువ చూడలేదు. నాన్నా చూడలేదు. చూసింది నానమ్మ ఒక్కతే, అదీ పెళ్లై షిప్ ఎక్కేదాకా. ఆ తర్వాత ఆవిడా వెళ్లలేదు.

మా హెడ్ సార్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. దీవివాళ్లమని సర్కారిచ్చిన ఐలాండర్ కార్డు చూపించు, ఆ ఊరితో సంబంధం లేదు, అక్కడ మాకెవరూ లేరు అని గట్టిగా చెప్పు, నసగకు అన్నారు.

జూన్ 15

నానమ్మకి తెలియకూడదనుకున్నాను. నాన్న చెప్పేశాడు. ఆయన కడుపులో ఏ మాటా ఆగదు.

మా నానమ్మ మహాలక్ష్మమ్మ అంటే వీధిలో అందరికీ హడలు. కొత్తవాళ్లెవరొచ్చినా ఊరి పేరు, ఇంటి పేరు చెప్పాకే టీ ఇస్తుంది. రొయ్యలు వలుస్తూ అంతా విన్నది. అన్నం మాత్రం వద్దంది. అంతా ఆఫీసువాళ్లకి చెప్పే మాటే కదమ్మా అని నాన్న నచ్చజెప్పబోయాడు.

"ఆఫీసైతే ఏటి? నోటితోనే కదా అనాల," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో ఆ ఊరి నుంచి నిన్ను ఒక్కళ్లైనా పలకరించారా అని అడిగేశాను. ఆవిడ రొయ్యల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అడక్కుండా ఉండాల్సింది.

జూన్ 16, మధ్యాహ్నం

చెప్పాను.

ఇంట్లోంచే వీడియో కాల్. ఇంగ్లీషులో అడుగుతారనుకున్నాను. అదే మేడమ్, అదే ప్రేమ, తెలుగులోనే అడిగారు. "బారువ మా ఊరు కాదండీ. అక్కడ మాకెవరూ లేరు," అన్నాను. గొంతు కొంచెం కూడా వణకలేదు. దానికే నాకు భయమేసింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను వెళ్లేసరికి నానమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

జూన్ 20

సీటు నాకే ఇచ్చారు. నాన్న వీధంతా లడ్డూలు పంచాడు. నానమ్మ ఒక లడ్డూ తీసుకుంది. నాతో మాట్లాడలేదు.

జులై 27, షిప్‌లో

బెర్త్ మీద కూర్చుని రాస్తున్నాను.

నానమ్మ జెట్టీకి వస్తుందనుకోలేదు. వచ్చింది, నాన్న చెయ్యి పట్టుకుని. నా జడ సవరించింది. ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి నోరు విప్పి, "ఒలే గుంటా, బారువ మాత్రం ఎల్లకు," అంది. "మాది కాదనీసినాక ఏ మొగం ఎట్టుకుని ఎల్తావు?"

తిట్టినా బాగుండేది. సరేనన్నాను.

సెప్టెంబర్ 3

ఇక్కడ ల్యాబ్‌లో ఫ్రిజ్‌లు నాలుగు. నా తెలుగు విని హాస్టల్లో అందరూ నవ్వుతారు. నానమ్మ ఫోన్లో తిన్నావా అని అడిగి నాన్నకి ఇచ్చేస్తుంది.

ఫిబ్రవరి 8

తాబేళ్ల సర్వే. ఈసారి ఏ బీచ్ అని నేను అడగలేదు. వ్యాన్ ఆగాక బోర్డు చూశాను. బారువ.

అందరూ దిగారు కాబట్టి దిగాను. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డారు. ఉండబట్టలేక నానమ్మకి ఫోన్ చేసి ఎక్కడున్నానో చెప్పేశాను. ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఎవులి గుంటవని ఎవులైనా అడిగినారా?"

"అడిగినారు. నీ పేరు సెప్పినాను," అన్నాను.

ఎవరూ అడగలేదు.